హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి: స్క్రూలు విప్పేముందు, విప్పాక, బిగించాక

డెస్క్‌టాప్ కనిపించాక కూడా నాలుగైదు నిమిషాల పాటు ఏది నొక్కినా తెరుచుకోని కంప్యూటర్‌ని చూసి చాలామంది ప్రాసెసర్ పాతబడిందనుకుంటారు. కొత్తది కొనే ముందు ఒక్కసారి టాస్క్ మేనేజర్ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కి చూడండి. వాడకం 100 శాతం దగ్గరే ఉండి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటో రెండో ఎంబీలు చూపిస్తూ, సగటు స్పందన సమయం వందల మిల్లీసెకన్లకు చేరితే జబ్బు హార్డ్ డిస్క్‌దే. అలా కాకుండా డిస్క్ తీరిగ్గా ఉండి, మెమరీ 90 శాతం దాటిపోతుంటే ముందు ర్యామ్ సంగతి చూడాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో దాచే డిస్క్) పెడితే తేడా తెలుస్తుంది కానీ, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరవగానే మళ్లీ నెమ్మదిస్తుంది.

సెకనుకు 100 ఎంబీ చదవగల డిస్క్ రెండు ఎంబీల దగ్గరే ఎందుకు ఆగిపోతుందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. హార్డ్ డిస్క్ లోపల నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టార్ (పళ్లెం మీద డేటా ఉన్న చిన్న భాగం) చదివే హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే ఐదున్నర. అంతకుముందు హెడ్ ఆ ట్రాక్ దాకా జరగడానికి ఇంకో పది పన్నెండు. మొత్తం మీద ఒక్కో చిన్న ముక్కకు 16, 17 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు అరవై ముక్కలు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 240 కేబీ! విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది ఇలాంటి చిన్న చిన్న ముక్కలే, అవి డిస్క్ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో జరగాల్సిన హెడ్ లేదు, తిరగాల్సిన పళ్లెం లేదు. అదే ముక్క ఒక మిల్లీసెకనులో పదో వంతు సమయం కూడా పట్టకుండా చేతికొస్తుంది. సెకనుకు వేల ముక్కలు.

ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే వేగం వరసగా పెద్ద ఫైల్ చదివినప్పటిది. సాటా (హార్డ్ డిస్క్‌లు వాడే కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ మీద సెకనుకు 550 ఎంబీ, ఎన్‌వీఎంఈ (అంతకంటే వేగమైన కొత్త పద్ధతి) మీద 3500, 7000 అని కనబడితే మొదటిది నాసిరకమేమో అనిపిస్తుంది. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే తేడా చాలా పెద్దది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు రోజువారీ పనిలో కనిపించేది కొద్దిపాటిదే. గంటల తరబడి పెద్ద వీడియో ఫైళ్లు కోసేవారి సంగతి వేరు. కాబట్టి మీ పాత ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈకి చోటు లేదని దాన్ని పక్కన పెట్టేయకండి.

ఏది పడుతుంది

కొనే ముందు కంప్యూటర్ మోడల్ నంబర్‌తో తయారీదారు సర్వీస్ మాన్యువల్ వెతికి చదవడం అన్నిటికంటే మంచి పని. అందులో డిస్క్ ఎక్కడుందో, ఎన్ని స్క్రూలున్నాయో, ఏ పొడవువో కూడా ఉంటుంది.

మామూలు ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ 2.5 అంగుళాలది. దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ నేరుగా కూర్చుంటుంది, కనెక్టర్ ఒకటే. మందం ఒక్కటి చూసుకోవాలి. పాత డిస్క్‌లు చాలావరకు 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీలు దాదాపు అన్నీ 7. బ్రాకెట్‌లో స్క్రూలు బిగించే రకమైతే ఇబ్బంది లేదు. డిస్క్‌ని కేవలం రబ్బరు పట్టాల మధ్య నొక్కిపెట్టే రకమైతే రెండున్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్ కావాలి. లేకపోతే కదిలి కనెక్టర్ వదులవుతుంది, నడుస్తూ నడుస్తూ కంప్యూటర్ ఆగిపోతుంది.

సన్నటి చీటీలా ఉండే ఎం.2 దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలోనే సాటా ఎస్‌ఎస్‌డీలూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి. సాటా మాత్రమే తెలిసిన స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే బయోస్‌కి (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కి) అది కనబడనే కనబడదు. అటుది ఇటు పెట్టినా అంతే. అంచున రెండు గాట్లున్న కార్డు చాలావరకు సాటా, ఒకే గాటున్నది ఎన్‌వీఎంఈ. అయితే రెండు గాట్లతో వచ్చే ఎన్‌వీఎంఈ కార్డులు కూడా కొన్ని ఉన్నాయి. అందుకే గాట్లు చూసి కాదు, మాన్యువల్ చూసి నిర్ణయించుకోండి. పొడవు 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242, 2230 కూడా ఉన్నాయి. స్క్రూ దిమ్మ ఏ పొడవు దగ్గర ఉందో చూసి కొనాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావాలంటే, అంటే విండోస్ మొదలవ్వాలంటే, యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయోస్) కావాలి, దానికి ఎన్‌వీఎంఈ గురించి తెలిసి ఉండాలి. పాత డెస్క్‌టాప్ బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ అడాప్టర్ పెట్టి ఎన్‌వీఎంఈ తగిలిస్తే విండోస్‌లో రెండో డిస్క్‌గా బాగానే పనిచేస్తుంది, బూట్ మాత్రం కాకపోవచ్చు. అలాంటి బోర్డుకి సాటా ఎస్‌ఎస్‌డీయే సరైనది. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నింపగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఎస్‌ఎస్‌డీ పెట్టాక డీవీడీ డ్రైవ్ మాయమైతే కారణం అదే. కేబుల్ ఇంకో పోర్టుకి మార్చండి.

చవక ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈఎంఎంసీ అనే నిల్వ చిప్ మదర్‌బోర్డ్‌కే సోల్డర్ చేసి ఉంటుంది. దాన్ని మార్చలేం.

ఎంత సైజు, ఏ రకం

సీ డ్రైవ్‌లో ఇప్పుడు నిండిన దానికి కనీసం సగం అదనంగా చోటుండేలా చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ నిండిపోతే నెమ్మదిస్తుంది. రాయడానికి ఖాళీ బ్లాకులు లేక, ఉన్నవాటిని సర్ది, చెరిపి, మళ్లీ రాయాల్సి వస్తుంది. పది, పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. 500 జీబీ కొంటే విండోస్‌లో 465 కనిపిస్తుంది, 1 టీబీ కొంటే 931. అది మోసం కాదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

ఎస్‌ఎస్‌డీ చిప్‌లోని ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. విండోస్ ఉండే డిస్క్‌కి టీఎల్‌సీయే తీసుకోమంటాను. రెండు రకాల్లోనూ కొంత భాగాన్ని ఒక బిట్ పద్ధతిలో వాడుకుని వేగంగా రాస్తారు. ఆ భాగం నిండాక అసలు వేగం బయటపడుతుంది. క్యూఎల్‌సీలో అది హార్డ్ డిస్క్ కంటే కిందికి కూడా పడిపోవచ్చు. వంద జీబీల ఫోల్డర్ కాపీ చేస్తుంటే మొదట ఉరికి, సగంలో నీరసపడే డిస్క్‌లు ఇవే. సొంత డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుంచుకునే వేగమైన మెమరీ) ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ దొరికితే మరీ మంచిది. ఎన్‌వీఎంఈలో డీర్యామ్ లేకపోయినా కంప్యూటర్ ర్యామ్‌లోంచి కాస్త తీసుకుని సర్దుకునే ఏర్పాటుంది, సాటాలో ఆ వెసులుబాటు లేదు.

ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో చెప్పే టీబీడబ్ల్యూ అంకె చూసి భయపడనక్కర్లేదు. 500 జీబీ టీఎల్‌సీ డిస్క్‌కి 300 అని రాసి ఉందనుకుందాం. రోజుకి 30 జీబీ రాసినా పదివేల రోజులు పడుతుంది, అంటే 27 ఏళ్లు. మామూలు ఇంటి వాడకంలో రోజుకి అంత రాయడమే అరుదు.

పేరు తెలియని బ్రాండ్‌లో నమ్మలేనంత పెద్ద సైజు, నమ్మలేనంత తక్కువ ధరకి కనిపిస్తే దూరంగా ఉండండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, 2 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చినవి ఉంటాయి. ఇప్పటికే కొనేసి ఉంటే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే పరికరాలతో డిస్క్ మొత్తం నింపి, తిరిగి చదివి చూడాలి.

పాత డిస్క్ ఎలా ఉందో ముందు తెలియాలి

పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. అసలు డిస్క్ మార్చాలనిపించేదే అది నెమ్మదించినప్పుడు. నెమ్మదించిన డిస్క్ కొన్నిసార్లు చావుకి దగ్గరగా ఉంటుంది. అలాంటి దాన్ని మొదలు నుంచి చివరి దాకా చదివించే పనే క్లోనింగ్, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానికి దించడం.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి మూడు వరసలు చూడండి. 05 అంటే పాడై పక్కన పెట్టేసిన సెక్టార్ల సంఖ్య. సీ5 అంటే చదవలేక, ఏం చేయాలో ఇంకా తేలని సెక్టార్లు. సీ6 అంటే సరిదిద్దలేకపోయినవి. మూడింటిలోనూ రా (అసలు లెక్క) అనే గడిలో విలువ సున్నా ఉంటే ధైర్యంగా క్లోన్ చేయొచ్చు. ఈ విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, సెట్టింగ్‌లో దశాంశానికి మార్చుకుంటే తికమక ఉండదు. సీ7 పెరుగుతుంటే మాత్రం తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, కేబుల్‌ది కావచ్చు.

సీ5 సున్నా కాకపోతే వరస మారుతుంది. ముందు ఫోటోలు, పత్రాలు, పని ఫైళ్లు వేరే డిస్క్‌కి చేతితో కాపీ చేసుకోండి, ముఖ్యమైనవి మొదట. ఆ తర్వాతే మిగతా ఆలోచన. ఆ డిస్క్ మీద చెక్‌డిస్క్‌ని (డిస్క్ తప్పులు వెతికే విండోస్ కమాండ్) ఆర్ ఆప్షన్‌తో నడపకండి. అది ప్రతి సెక్టార్‌నీ చదవాలని చూస్తుంది, అసలే కొన ఊపిరితో ఉన్న డిస్క్‌కి ఆ శ్రమే చివరిది కావచ్చు. మొత్తం డిస్క్ కావాల్సిందే అంటే లినక్స్‌లోని జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. అది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, పాడైన చోట్లకి చివర్లో వస్తుంది. మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మరిచిపోవద్దు. అది ఉంటే మధ్యలో ఆగినా ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది.

డిస్క్ బాగున్నా బ్యాకప్ తప్పనిసరి. క్లోన్ చేస్తున్నాం కదా, అదే బ్యాకప్ అనుకోకండి. మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. ఆ ఒక్క పొరపాటుకి మందు లేదు.

క్లోన్ చేయాలా, విండోస్ కొత్తగా ఎక్కించాలా

లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్లు, మళ్లీ ఎక్కించడం కష్టమైన అకౌంటింగ్ ప్రోగ్రామ్, ఏళ్ల తరబడి సర్దుకున్న సెట్టింగ్‌లు ఉంటే క్లోన్ చేయండి. విండోస్ ఏళ్లుగా అప్‌గ్రేడ్ మీద అప్‌గ్రేడ్‌తో వస్తుంటే, వైరస్ అనుమానం ఉంటే, డిస్క్‌లో పాడైన సెక్టార్లుంటే కొత్తగా ఎక్కించండి. ఏదైనా ఒకటే అన్నప్పుడు కొత్తగా ఎక్కించడానికే ఓటు వేస్తాను. తర్వాత వచ్చే చిక్కులు చాలా తక్కువ.

కొత్తగా ఎక్కించడానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. విండోస్ యాక్టివేషన్ ప్రధానంగా మదర్‌బోర్డ్‌ని చూసి గుర్తుపడుతుంది కనుక, అదే ఎడిషన్ ఎక్కిస్తే డిస్క్ మారినంత మాత్రాన లైసెన్స్ పోదు. ఇంకా విండోస్ 10 వాడుతుంటే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోండి. మీ ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) రెండూ సరిపోతే 11 ఎక్కించడానికి ఇదే సమయం. ఎక్కించే ముందు పాత విండోస్‌లో డ్రైవర్లను ఒక ఫోల్డర్‌లోకి ఎగుమతి చేసి పెట్టుకోండి, పీఎన్‌పీయుటిల్ ఆ పని చేస్తుంది. వైఫై డ్రైవర్ లేక, దాన్ని దింపుకోవడానికి ఇంటర్నెట్ లేక ఆగిపోవడం చాలా మామూలు.

11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి ఎన్‌వీఎంఈ డిస్క్ కనబడకపోతే డిస్క్ పాడైందనుకోకండి. బయోస్‌లో వీఎండీ అనే అమరిక ఆన్‌లో ఉంటుంది. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి, లేదా కొత్తగా ఎక్కిస్తున్నారు కనుక వీఎండీ ఆపేయండి. ఇప్పటికే విండోస్ ఉన్న కంప్యూటర్‌లో ఊరికే ఆపేస్తే అది బూట్ కాదు.

క్లోన్ చేసే పద్ధతి

ల్యాప్‌టాప్‌లో ఒకే డిస్క్ చోటు ఉంటుంది కనుక కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ నుంచి సాటాకి మార్చే కేబుల్‌తో బయట తగిలిస్తాం. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు సరిపోతాయి. 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు కూడా కావాలి, అందుకు విడిగా అడాప్టర్ ఉండాలి. యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టండి. యూఎస్‌బీ 2లో సెకనుకు 35 ఎంబీ దాటదు, 300 జీబీకి రెండున్నర గంటలు పడుతుంది. యూఎస్‌బీ 3లో అడ్డుపడేది పాత డిస్క్ వేగమే, గంట, గంటన్నరలో అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు మూడు పనులున్నాయి. ఒకటి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉంటే పూర్తిగా తీసేయాలి, తాత్కాలికంగా నిలపడం కాదు. అసలు ఆన్‌లో ఉందో లేదో చాలామందికి తెలియదు, సెట్టింగ్స్‌లో చూడాలి. 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండు, చెక్‌డిస్క్‌ని ఎఫ్ ఆప్షన్‌తో నడిపి ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేయండి. మూడు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ ప్రాపర్టీస్ తెరిచి పార్టిషన్ పద్ధతి (డిస్క్‌ని భాగాలు చేసే తీరు) పాత ఎంబీఆరా, కొత్త జీపీటీయా చూడండి.

ఎన్‌వీఎంఈకి వెళ్తుండగా పాతది ఎంబీఆర్ అయితే క్లోన్ కూడా ఎంబీఆర్‌గానే వస్తుంది, బూట్ కాదు. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం విండోస్‌లోనే ఉంది. ముందు వాలిడేట్ ఆప్షన్‌తో పరీక్షించి, తర్వాత కన్వర్ట్ చేయాలి. నడుస్తున్న విండోస్ లోంచే చేస్తుంటే అలౌఫుల్‌ఓఎస్ ఆప్షన్ కూడా జత చేయాలి. ప్రైమరీ పార్టిషన్లు మూడు మించితే ఒప్పుకోదు. మార్చాక బయోస్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్‌ఐకి మార్చి, పాత డిస్క్ నుంచే విండోస్ ఒకసారి సవ్యంగా వస్తుందని చూసుకున్నాకే క్లోన్ మొదలుపెట్టండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

ప్రోగ్రామ్ విషయానికొస్తే, పేరున్న ఎస్‌ఎస్‌డీ తయారీదారులు చాలామంది తమ డిస్క్ కొన్నవారికి క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు. మొదట అదే ప్రయత్నించండి, పార్టిషన్ సైజులు అదే సర్దుతుంది. అది లేకపోతే క్లోన్‌జిల్లా ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, ఉచితం, నమ్మకమైనది. కాకపోతే మామూలుగా గమ్య డిస్క్ మూల డిస్క్‌కి సమానంగానో పెద్దదిగానో ఉండాలంటుంది. 1 టీబీ హార్డ్ డిస్క్‌లో 200 జీబీయే నిండినా 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి నేరుగా క్లోన్ చేయదు. అలాంటప్పుడు తయారీదారు సాఫ్ట్‌వేరే మేలు. లేదంటే ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని కుదించాలి. కుదించేటప్పుడు సగం దగ్గరే ఆగిపోతే కారణం కదపలేని ఫైళ్లు. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

డిస్క్ ఎంచుకునేటప్పుడు క్లోన్‌జిల్లా చూపించే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు చూసి నొక్కకండి. ఆ అక్షరాలు బూట్ బూట్‌కీ మారొచ్చు. మోడల్ పేరు, సైజు, సీరియల్ నంబర్ చూసి, ఎస్‌ఎస్‌డీ పెట్టె మీద ఉన్నదానితో పోల్చుకుని అప్పుడు అవును అనండి.

విప్పడం, బిగించడం

షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉంటుంది. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ బయటకొచ్చేదైతే అదీ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. బ్యాటరీ లోపలే ఉండే రకమైతే అడుగు మూత తీయగానే మొదటి పని దాని కనెక్టర్ ఊడదీయడం. ఏదైనా ఎర్తింగ్ ఉన్న లోహాన్ని తాకి మొదలుపెట్టండి.

స్క్రూలన్నీ ఒకే పొడవు కావు. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోట గుచ్చి పెట్టండి. పొడుగు స్క్రూని పొట్టి రంధ్రంలో బిగిస్తే పైనున్న కీబోర్డ్ పలకని పొడుచుకుని వస్తుంది. మూత రాకపోతే బలం వాడకండి. రబ్బరు కాళ్ల కిందో స్టిక్కర్ కిందో ఒక స్క్రూ దాగి ఉంటుంది. అంచులు విడదీయడానికి ప్లాస్టిక్ ముక్కే వాడాలి, ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు.

2.5 అంగుళాల డిస్క్‌ని కనెక్టర్‌కి నేరుగా వెనక్కి లాగాలి, పైకి ఎత్తకూడదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్ సన్నటి రిబ్బన్ కేబుల్‌తో కలిసి ఉంటుంది. ఆ కేబుల్ మడత పడితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల తీగ తెగి ఉంటుంది. బ్రాకెట్ పాత డిస్క్ నుంచి విప్పి ఎస్‌ఎస్‌డీకి అవే ఎం3 స్క్రూలతో బిగించండి.

ఎం.2 కార్డుని ముప్పై డిగ్రీల వాలుగా స్లాట్‌లో దూర్చి, బంగారు రంగు అంచు లోపలికి పూర్తిగా పోయాక కిందికి నొక్కి ఎం2 (2 మిల్లీమీటర్ల) స్క్రూ బిగించాలి. ఆ చిన్న స్క్రూ చాలా కంప్యూటర్లలో ఉండదు, ముందే తెచ్చి పెట్టుకోండి. హీట్‌సింక్ ఉంటే దాని థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర తీసేయాలి. డిస్క్ మీదున్న లేబుల్ మాత్రం పీకకండి. చాలా డిస్క్‌లకు వారంటీ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

డెస్క్‌టాప్‌లో పని సులువే కానీ కరెంటు కేబుల్ దగ్గర జాగ్రత్త. విడదీసి మార్చుకునే కేబుళ్లున్న పవర్ సప్లైకి వేరే మోడల్ కేబుల్ వాడకండి. ప్లగ్ సరిపోయినా లోపల తీగల వరస వేరుగా ఉండొచ్చు, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి డిస్క్ కాలిపోతుంది. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల కరెంటు ప్లగ్) నుంచి సాటాకి మార్చే కేబుల్ తప్పనిసరైతే ప్లాస్టిక్ అచ్చులో పోసిన రకం వద్దు. లోపల తీగలు దగ్గరై నిప్పంటుకునే ప్రమాదం ఉంది. తీగలు విడివిడిగా పిన్నుల్లోకి నొక్కిన రకం తీసుకోండి. పాత బోర్డుల్లో కొన్ని పోర్టులు 6 గిగాబిట్లవి, మిగతావి 3వి. మాన్యువల్ చూసి 6 దాంట్లో తగిలించండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

పాత డిస్క్‌ని తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. ఈ ఒక్క మాట పాటిస్తే సగం తలనొప్పులు రావు. క్లోన్ చేసిన రెండు డిస్క్‌లకీ ఒకే గుర్తింపు సంఖ్య ఉండొచ్చు. రెండూ ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది, లేదా దాని సంఖ్య మార్చేస్తుంది, తర్వాత అది బూట్ కాదు. ఇంకా మామూలుగా జరిగేదేమిటంటే, కంప్యూటర్ పాత డిస్క్ నుంచే బూట్ అవుతుంది, ఎస్‌ఎస్‌డీ పెట్టినా వేగం రాలేదని మనం అనుకుంటాం.

బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే కనెక్టర్ సరిగా కూర్చోలేదు, లేదా స్లాట్ రకం వేరు. కనిపించినా నల్ల తెర మీద గీత మెరుస్తూ ఆగిపోతే లెగసీ, యూఈఎఫ్‌ఐ అమరిక పాత డిస్క్‌కి ఉన్నట్టు లేదు. నీలి తెర మీద 0ఎక్స్‌సీ000000ఈ లాంటి సంఖ్య వస్తే బూట్ ఫైళ్లు పాత డిస్క్‌నే వెతుకుతున్నాయి. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌లో, ఫ్యాట్32గా ఉండి బూట్ ఫైళ్లు దాచే చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి ఎస్ అనే అక్షరం ఇచ్చి బయటికి రండి. తర్వాత బీసీడీబూట్‌కి విండోస్ ఫోల్డర్ దారి, గమ్యంగా ఎస్ డ్రైవ్, రకంగా యూఈఎఫ్‌ఐ ఇస్తే బూట్ ఫైళ్లు కొత్తగా రాస్తుంది. ఆ వాతావరణంలో మీ సీ డ్రైవ్‌కి డీ అనో ఈ అనో అక్షరం ఉండొచ్చు. లిస్ట్ వాల్యూమ్ కొట్టి చూశాకే దారి రాయండి.

ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తే కథ వేరు. విండోస్ మొదలవుతోంది కానీ డిస్క్‌ని నడిపే డ్రైవర్ లేదు. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి క్లోన్ చేసినప్పుడు, లేదా బయోస్‌లో సాటా మోడ్ మారినప్పుడు ఇది వస్తుంది. ఒక్కసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్తే విండోస్ కావలసిన డ్రైవర్ ఎంచుకుంటుంది, తర్వాత మామూలుగా వస్తుంది. పాత కంప్యూటర్ ఐడీఈ అనే పాత సాటా మోడ్‌లో ఉండి ఏహెచ్‌సీఐ అనే కొత్తదానికి మార్చాలనుకున్నా ఇదే దారి. ముందు సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లో మోడ్ మార్చి, సేఫ్ మోడ్ వచ్చాక ఆ అమరిక తీసేయాలి.

లోపలికి వచ్చాక

సీ డ్రైవ్ పాత సైజులోనే ఉండి, మిగతా చోటు అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తే పొడిగించాలి. ఎక్స్‌టెండ్ మసకగా ఉంటే మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ పక్కనే ఆనుకున్న ఖాళీని మాత్రమే కలుపుతుంది. జీపార్టెడ్ లాంటి పరికరంతో రికవరీ పార్టిషన్‌ని చివరికి జరిపి, అప్పుడు పొడిగించండి.

ట్రిమ్ పనిచేస్తోందో చూడండి. మనం చెరిపిన ఫైళ్ల చోటు ఇక ఖాళీ అని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు అది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌ఎస్‌యుటిల్‌తో డిజేబుల్‌డిలీట్‌నోటిఫై విలువ అడిగితే సున్నా రావాలి. పేరు చూసి తికమక పడొద్దు, సున్నా అంటే ట్రిమ్ పనిచేస్తున్నట్టే. డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిస్తే మీడియా రకం సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉండాలి. ఇంకా హార్డ్ డిస్క్ అనే ఉంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో విన్‌శాట్ ఫార్మల్ నడిపితే మారుతుంది. ఆ వారపు షెడ్యూల్‌ని ఆపకండి. ఎస్‌ఎస్‌డీ అని గుర్తించాక విండోస్ అక్కడ చేసేది ప్రధానంగా ట్రిమ్మే. లినక్స్‌లో ఎఫ్‌స్ట్రిమ్ టైమర్ ఆన్‌లో ఉంటే చాలు.

క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో కొలిచినప్పుడు సాటా ఎస్‌ఎస్‌డీ వరస వేగం 500 పైన రావాలి. 270 దగ్గర ఆగితే 3 గిగాబిట్ల పోర్టులో ఉంది. కంప్యూటరే అంత పాతదైతే బాధపడకండి, ఎందుకంటే అసలు చూడాల్సింది కింది వరస, 4 కేబీ ముక్కలు ఒక్కొక్కటిగా చదివేది. హార్డ్ డిస్క్‌లో అది మామూలుగా ఒక ఎంబీ లోపే ఉంటుంది, మంచి ఎస్‌ఎస్‌డీలో 30, 40 వస్తుంది. మీకు కనబడే వేగమంతా ఆ వరసలోనే ఉంది.

విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి మోసుకొస్తున్న పార్టిషన్ అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ చూడండి. 4096తో నిశ్శేషంగా భాగించబడాలి, మామూలుగా 1048576 ఉంటుంది. 32256 అని ఉంటే ప్రతి చిన్న రాతకీ ఎస్‌ఎస్‌డీ రెండు పేజీలు తాకాల్సి వస్తుంది. అలాంటప్పుడు క్లోన్ వదిలేసి కొత్తగా ఎక్కించడమే నయం.

పేజ్ ఫైల్ తీసేయాలి, సెర్చ్ ఇండెక్స్ ఆపాలి, బ్రౌజర్ క్యాష్ పాత డిస్క్‌కి మార్చాలి అని చెప్పే పాత చిట్కాలు వదిలేయండి. అవి చిన్న సైజు, తక్కువ ఆయుష్షు ఉన్న తొలి ఎస్‌ఎస్‌డీల కాలానివి. వేగం కోసం కొన్న డిస్క్‌ని వాడకుండా దాచుకోవడం అవుతుంది.

పాత డిస్క్ సంగతి

రెండు మూడు వారాలు పాత డిస్క్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. క్లోన్‌లో ఏదైనా ఫైల్ తెరుచుకోకపోతే అసలు అక్కడుంటుంది. తర్వాత 05, సీ5, సీ6 సున్నాలుగా ఉంటే 2.5 అంగుళాల యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడుకోండి. బ్యాకప్ అవసరం ఇప్పుడు తగ్గలేదు, పెరిగింది. హార్డ్ డిస్క్ చెడిపోయే ముందు చాలాసార్లు శబ్దం చేస్తుంది, నెమ్మదిస్తుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న పనిచేసి ఇవాళ బయోస్‌లోనే కనబడకపోవచ్చు. పొరపాటున చెరిపిన ఫైల్ ట్రిమ్ నడిచాక దాదాపు ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌కీ దొరకదు.

డీవీడీ డ్రైవ్ తీసి ఆ చోట క్యాడీలో (డిస్క్‌ని పట్టి ఉంచే చట్రంలో) పాత డిస్క్‌ని పెట్టుకోవాలనుకుంటే మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7నా కొలిచి కొనండి. ఎస్‌ఎస్‌డీని అసలు చోటులోనే ఉంచి, హార్డ్ డిస్క్‌ని క్యాడీలోకి పంపండి. డీవీడీ చోటుకు వెళ్లే లైను కొన్ని ల్యాప్‌టాప్‌లలో నెమ్మదైనది.

డిస్క్‌ని ఎవరికైనా ఇచ్చేస్తుంటే క్విక్ ఫార్మాట్ చాలదు, ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి. డిస్క్‌పార్ట్‌లో డిస్క్ నంబర్ రెండుసార్లు చూసుకుని క్లీన్ ఆల్ ఇస్తే మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా సున్నాలు రాస్తుంది. 1 టీబీకి దాదాపు మూడు గంటలు పట్టొచ్చు. ఆ పద్ధతి హార్డ్ డిస్క్‌లకే. ఎస్‌ఎస్‌డీలో మనకు కనబడని అదనపు బ్లాకులుంటాయి కనుక, దాన్ని ఇచ్చేసే రోజు వచ్చినప్పుడు తయారీదారు సాఫ్ట్‌వేర్‌లోని సెక్యూర్ ఎరేజ్ వాడండి.